అమెరికాలో పెళ్లి చేస్కోవాలంటే లీగల్‌గా ఏమేం కావాలి? టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ల కోసం

ప్రశ్న ఇది: అబ్బాయి హెచ్ వన్ బీ ఉద్యోగ వీసా మీద డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉద్యోగం, అమ్మాయి ఎఫ్ వన్ స్టూడెంట్ వీసా మీద మాస్టర్స్ చదువుతోంది, ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. రెండు వైపులా పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. స్టాంపింగ్ (ఇండియాలోని అమెరికన్ కాన్సులేట్‌లో మళ్లీ వీసా ముద్ర వేయించుకోవడం) భయంతో ఇప్పుడు ఇండియా వెళ్లలేకపోతున్నారు కాబట్టి ఇక్కడే గుడిలో పెళ్లి చేస్కుని, వచ్చే ఏడు ఇండియా వెళ్లినప్పుడు మళ్లీ ఘనంగా పెళ్లి చేస్కోవచ్చా, ఇండియన్ కాన్సులేట్ పర్మిషన్ కావాలా, ఊరి నుంచి అన్‌మ్యారీడ్ సర్టిఫికెట్ తెప్పించాలా అని అడిగారు.

ముందుగా ఇద్దరికీ శుభాకాంక్షలు. మా గుడిలో జరిగే పెళ్లిళ్లకి కాగితాల పని చూసిపెట్టడం చాలా ఏళ్లుగా నేను చేస్తున్న పనే, ఇవే ప్రశ్నలు ప్రతి సీజన్‌లోనూ వస్తాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. క్లుప్తంగా చెప్పాలంటే కాన్సులేట్ పర్మిషన్ అక్కర్లేదు, అన్‌మ్యారీడ్ సర్టిఫికెట్ టెక్సాస్‌లో అడగరు, పెళ్లి హాయిగా ఇక్కడే చేస్కోవచ్చు. కానీ "మళ్లీ ఇండియాలో పెళ్లి" అన్నారు చూడండి, మీ ప్రశ్న మొత్తంలో జాగ్రత్తగా ఉండాల్సింది ఆ ఒక్క చోటే, దాని గురించి కింద వివరంగా రాస్తా.

అమెరికాలో పెళ్లి చట్టం కేంద్రానిది కాదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. టెక్సాస్‌లో అయితే ముందు కౌంటీ క్లర్క్ ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్లి మ్యారేజ్ లైసెన్స్ తీస్కోవాలి. ఫ్రిస్కోలో కొంత కొలిన్ కౌంటీ, కొంత డెంటన్ కౌంటీ, మీ ఇల్లు ఎందులో ఉన్నా పర్లేదు, టెక్సాస్‌లో ఏ కౌంటీలో తీస్కున్న లైసెన్స్ అయినా రాష్ట్రమంతా చెల్లుతుంది. 18 ఏళ్లు నిండి ఉండాలి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపిస్తే ఐడీకి సరిపోతుంది. సిటిజన్ అయి ఉండాలని గానీ, ఇక్కడ ఇన్నాళ్లు నివాసం ఉండాలని గానీ రూల్ లేదు, వీసా స్టేటస్ చూసి లైసెన్స్ ఇవ్వడం అనేది లేదు, బ్లడ్ టెస్టు కూడా లేదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, ఉంటే ఇవ్వాలి, అమ్మాయికి ఇంకా రాకపోతే లేదని చెప్తే చాలు, అది లేదని లైసెన్స్ ఆపరు. ఫీజు కౌంటీని బట్టి 60 నుంచి 90 డాలర్ల మధ్య ఉంటుంది. రాష్ట్రం గుర్తించిన 8 గంటల ప్రీ మ్యారేజ్ కోర్సు ఒకటి ఉంది, "టుగెదర్ ఇన్ టెక్సాస్" అంటారు, అది చేసిన సర్టిఫికెట్ చూపిస్తే ఫీజులో 60 డాలర్లు తగ్గుతాయి, దానికన్నా పెద్ద లాభం ఏంటంటే నేను ఇప్పుడు చెప్పబోయే 72 గంటల రూల్ కూడా పోతుంది.

అన్‌మ్యారీడ్ సర్టిఫికెట్ బదులు ఇక్కడ ప్రమాణం ఉంటుంది. మాకు వేరే భార్య గానీ భర్త గానీ లేరు, మేమిద్దరం ఫలానా దగ్గరి చుట్టాలం కాదు అని క్లర్క్ ఎదురుగా ఒట్టేసి సంతకం పెడతారు. ఏదో ఫారం నింపుతున్నాం అనుకుని చదవకుండా సంతకం పెట్టేయకండి, అబద్ధం రాస్తే నేరం అవుతుంది.

ఇప్పుడు 72 గంటల సంగతి. టెక్సాస్‌లో లైసెన్స్ చేతికొచ్చిన టైమ్ నుంచి 72 గంటలు గడిస్తే గానీ పెళ్లి తంతు జరపకూడదు. లైసెన్స్ మీద తారీఖుతో పాటు ఇచ్చిన గంట, నిమిషం కూడా ప్రింట్ అయి ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే, ఎందుకంటే మనకి పెళ్లి "శనివారం" కాదు కదా, శనివారం ఉదయం 10 గంటల 42 నిమిషాలకి. బుధవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి కాస్త ముందు బయల్దేరి 3 గంటలకి లైసెన్స్ తీస్కుంటే రోజులు లెక్కపెట్టుకుని మూడ్రోజులైంది కదా అనుకుంటారు, కానీ 72 గంటలు పూర్తయ్యేది శనివారం మధ్యాహ్నం 3 గంటలకి, ముహూర్తం దాటిపోయాక. అప్పుడు పంతులుగారు చేయనంటే ఆయన తప్పు కాదు, చట్ట ప్రకారం ఆయన చేయకూడదు. కాబట్టి ముహూర్తానికి కనీసం ఒక వారం ముందు తీస్కోండి. అలాగని మరీ ముందు తీస్కోకండి, లైసెన్స్ ఇచ్చిన రోజు నుంచి 90వ రోజు లోపల పెళ్లి జరగాలి, లేకపోతే అది చెల్లదు, మళ్లీ ఫీజు కట్టి కొత్తది తీస్కోవాల్సిందే. జ్యేష్ఠంలో ముహూర్తం అనుకుని లైసెన్స్ తీస్కున్నాక ఏదో కారణంతో అది తప్పిపోయి, తర్వాత ఆషాఢం వచ్చి, ఆపైన మూఢం కూడా కలిసిందంటే 90 రోజులు ఇట్టే అయిపోతాయి. ముహూర్తం ఖాయమయ్యాకే కౌంటీ ఆఫీసుకి వెళ్లండి.

ఇంకోటి, టెక్సాస్ లైసెన్స్‌తో టెక్సాస్ లోపలే పెళ్లి జరగాలి. ఫోటోలు బాగా వస్తాయని ఒక్లహోమా బోర్డర్ అవతల రిసార్టు బుక్ చేస్తే అక్కడి కౌంటీలో అక్కడి లైసెన్స్ తీస్కోవాలి.

పేర్ల దగ్గర కొంచెం ఆగుదాం. మన ఇంటిపేర్ల వల్ల ఇక్కడ చిక్కులు చాలా. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది, కొందరికి ఉల్టా, అలాంటివాళ్లకి అమెరికన్ వీసాలో ఫస్ట్ నేమ్ చోట "ఎఫ్ ఎన్ యు" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ఫస్ట్ నేమ్ తెలీదని) అని పడుతుంది, దాన్నే చూసి డ్రైవింగ్ లైసెన్సు వాళ్లు కూడా అలాగే కొడతారు. పెళ్లి లైసెన్సుకి వెళ్లినప్పుడు డ్రైవింగ్ లైసెన్సు కాకుండా పాస్‌పోర్టే ఇవ్వండి, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే అక్షరం పొల్లు పోకుండా టైపు చేయించండి. క్లర్కు ప్రింట్ తీసే ముందు స్క్రీన్ మీదో డ్రాఫ్టు కాపీ మీదో చూపించి సరిచూసుకోమంటారు, అప్పుడు ఇద్దరి పేర్లూ, పుట్టిన తేదీలూ, పుట్టిన ఊళ్లూ వేలు పెట్టి మరీ చదవండి. మన దగ్గర తేదీ ముందు, నెల తర్వాత, ఇక్కడ నెల ముందు, 04/07 అని రాస్తే ఏప్రిల్ ఏడో జూలై నాలుగో, ఈ ఒక్క తప్పు వెనకాల పడితే సవరణకి ఇద్దరూ మళ్లీ క్లర్కు దగ్గరికి వెళ్లి అఫిడవిట్ ఇచ్చుకోవాలి. అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం, కానీ వీసా, ఐ-20 (స్టూడెంట్ వీసాకి కాలేజీ ఇచ్చే ఫారం), పాస్‌పోర్టు అన్నీ పాత పేరు మీద ఉన్నప్పుడు తొందరపడి ఇక్కడ ఒక్క చోట మార్చేస్తే మిగతావన్నీ దాని వెంట మార్చుకుంటూ రావాలి. పెళ్లయినంత మాత్రాన మార్చాలని ఏ చట్టమూ లేదు.

పంతులుగారి విషయం. టెక్సాస్‌లో పెళ్లి చేయించే అధికారం జడ్జీలకి, మత సంస్థల తరఫున అధికారం ఉన్నవాళ్లకి ఉంది. గుడిలో పనిచేసే అర్చకులైతే ఇబ్బంది లేదు, లైసెన్స్ మీద సంతకం చేయడం వాళ్లకి అలవాటే. తెలిసినవాళ్ల ద్వారా వచ్చే పురోహితుడో, వేరే రాష్ట్రం నుంచి రప్పిస్తున్న ఆయనో అయితే "మీరు లైసెన్స్ మీద సంతకం చేస్తారా, ఏ సంస్థ తరఫున చేస్తారు" అని బుక్ చేసే ముందే మొహమాటం లేకుండా అడగండి. మంత్రాలు అద్భుతంగా చదివి సంతకం దగ్గర "నాకు అది తెలీదమ్మా" అనేవాళ్లు ఉన్నారు. మిగతా రాష్ట్రాల్లో రూల్స్ ఇంకా గట్టివి, న్యూయార్క్ సిటీలో పెళ్లి చేయించేవాళ్లు ముందుగా సిటీ క్లర్క్ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు నుంచి అనుమతి ఉండాలి.

పెళ్లయ్యాక లైసెన్స్‌లో తేదీ, జరిగిన కౌంటీ రాసి పంతులుగారు సంతకం పెడతారు. టెక్సాస్‌లో సాక్షి సంతకాలు అక్కర్లేదు. దాన్ని 30 రోజుల్లోపల, ఇచ్చిన కౌంటీ క్లర్క్ ఆఫీసుకే తిరిగి పంపాలి. చట్టప్రకారం ఆ బాధ్యత పెళ్లి చేయించిన ఆయనది, కానీ పెళ్లి హడావుడిలో ఆ కవరు తాంబూలాల సంచిలోకో, పూజ సామాను డబ్బాలోకో వెళ్లిపోవడం నేను కళ్లారా చూశా. మీ వైపు నుంచి నమ్మకమైన ఒక మనిషికి, బావమరిదికో ఫ్రెండుకో, అప్పగించి సోమవారం పొద్దున్నే కౌంటీ ఆఫీసులో ఇప్పించేయండి. వాళ్లు రికార్డ్ చేశాకే అది మ్యారేజ్ సర్టిఫికెట్ అవుతుంది. అప్పటిదాకా మీ దగ్గరున్నది లైసెన్స్ మాత్రమే. గుడివాళ్లు ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఆల్బమ్‌లో పెట్టుకోవడానికి, దాన్ని ఇమిగ్రేషన్‌కి పంపితే వెనక్కి వస్తుంది.

కౌంటీ నుంచి సర్టిఫైడ్ కాపీలు కనీసం నాలుగు తీస్కోండి. స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి అప్లై చేస్తే వచ్చేది వెరిఫికేషన్ లెటర్ మాత్రమే, సర్టిఫికెట్ కాదు, ఆ తేడా చాలామందికి తెలీదు. ఒక కాపీని ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి పంపి అపోస్టిల్ (వేరే దేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించండి, ఫీజు 15 డాలర్లు. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ఆ ముద్ర ఉన్న సర్టిఫికెట్ ఇండియాలో ఏ ఆఫీసులో అయినా చూపించుకోవచ్చు. ఇప్పుడు అవసరం లేకపోయినా వేయించి బ్యాంకు లాకర్‌లో పెట్టండి, ఎప్పుడో ఊళ్లో పొలం రిజిస్ట్రేషన్ రోజున దాని అవసరం పడుతుంది, అప్పుడు ఇక్కణ్నుంచి తెప్పించడం తలనొప్పి.

ఇక ఇండియా వైపు. "అమెరికాలో చేస్కున్న పెళ్లి ఇండియాలో చెల్లుతుందా" అనేది అమ్మానాన్నల మొదటి ప్రశ్న. 1955 నాటి హిందూ వివాహ చట్టం మొదటి సెక్షన్‌లోనే ఉంది, ఇండియా డొమిసైల్ (చట్టం దృష్టిలో శాశ్వత నివాసం) ఉన్న హిందువులు దేశం బయట ఉన్నా వాళ్లకి ఈ చట్టం వర్తిస్తుందని. మీరిద్దరూ వీసాల మీదే ఉన్నారు కాబట్టి మామూలుగా మీ డొమిసైల్ ఇండియాదే. అదే చట్టం ఏడో సెక్షన్ ప్రకారం పెళ్లి ఇద్దరిలో ఒకరి ఆచారం ప్రకారం జరగాలి, సప్తపది ఉన్న ఆచారమైతే ఏడో అడుగుతో పెళ్లి పూర్తవుతుంది. డాలస్ గుడిలో జీలకర్ర బెల్లం పెట్టి, మంగళసూత్రం కట్టి, ఏడడుగులు నడిస్తే అది అన్నవరంలో నడిచినదానికి ఏమాత్రం తక్కువ కాదు. 2024లో సుప్రీంకోర్టు ఒక కేసులో గట్టిగానే చెప్పింది, ఆచారం ప్రకారం తంతు జరగకుండా ఒట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే అది హిందూ వివాహం అవదని. ఆ కేసు ఇండియాలో తీస్కున్న సర్టిఫికెట్ గురించే, అమెరికాలో జడ్జి ముందు చేస్కున్న సివిల్ పెళ్లి గురించి కాదు, ఇక్కడి చట్టం ప్రకారం జరిగిన పెళ్లిని చూసే పద్ధతి వేరు, అయినా రేపు ఇండియా కోర్టులో ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలంటే ఒకే రోజున రెండూ కలిసి రావడం మంచిది: చేతిలో టెక్సాస్ లైసెన్స్, ఎదురుగా అగ్నిహోత్రం. ఫోటోలు, వీడియో, శుభలేఖ, పంతులుగారు రాసిచ్చిన లెటర్ దాచుకోండి. ఇండియా చట్టం ప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలన్నది ఇక్కడ కూడా మిమ్మల్ని వదలదు, టెక్సాస్ 18 చాలన్నా సరే.

ఇద్దరిలో ఒకరు క్రిస్టియనో ముస్లిమో, లేదా అసలు ఇండియన్ కాకపోతేనో హిందూ వివాహ చట్టం పనికిరాదు. అప్పుడు 1969 నాటి ఫారిన్ మ్యారేజ్ యాక్ట్ ఉంది. ఒక్కరైనా ఇండియన్ సిటిజన్ అయితే చాలు, కాన్సులేట్‌లో ఉండే మ్యారేజ్ ఆఫీసర్ ముందు పెళ్లి చేస్కోవడానికి గానీ, ఆ దేశం చట్టం ప్రకారం ఆల్రెడీ జరిగిన పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవడానికి గానీ ఆ చట్టం వీలు ఇస్తుంది. అక్కడే చేస్కోవాలంటే నోటీసు ఇచ్చే ముందు ఒకరైనా 30 రోజులు ఆ దేశంలో ఉండాలి, నోటీసు పబ్లిష్ చేసి మళ్లీ 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. అన్ని కాన్సులేట్లూ ఈ పని ఒకేలా చేయవు, కాబట్టి ముందు మీ ఏరియా కాన్సులేట్ వెబ్‌సైట్ చూడండి. మీ ఇద్దరి విషయంలో దీని అవసరం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, మళ్లీ పెళ్లి. చట్టం దృష్టిలో మీ పెళ్లి ఒక్కసారే జరుగుతుంది, అది మొదటిసారి చట్టబద్ధంగా జరిగిన రోజు. ఆ రోజు తర్వాత మీరు ఏ దేశంలో ఏ ఫారం నింపినా "డేట్ ఆఫ్ మ్యారేజ్" అన్న చోట అదే తేదీ ఉండాలి. నాకు తెలిసిన ఒక జంట ఇలాగే ఇన్సూరెన్స్ కోసమని ఇక్కడ జడ్జి ముందు సైలెంటుగా పెళ్లి చేస్కుని, పది నెలల తర్వాత గుంటూరులో కల్యాణ మండపంలో బంధువులందరి ముందు చేస్కుని, అక్కడ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ రెండో తేదీతో సర్టిఫికెట్ తీస్కున్నారు, ఆ ఫారంలో పెళ్లికి ముందు స్టేటస్ దగ్గర ఇద్దరూ "అవివాహిత" అని రాశారు. ట్యాక్సులు మాత్రం ముందు ఏడాదే భార్యాభర్తలుగా కలిపి ఫైల్ చేశారు. ఏళ్ల తర్వాత గ్రీన్ కార్డు టైమ్‌లో ఇమిగ్రేషన్ వాళ్లు రెండు తేదీలు ఎందుకున్నాయి, ఏది నిజం అని అడిగారు. వాళ్లు మోసం చేయలేదు పాపం, పెద్దవాళ్ల మాట కాదనలేక చేశారు, కానీ దాన్ని వివరించడానికి లాయరు, అఫిడవిట్లు, నిద్రలేని రాత్రులు. ఇండియాలో ప్రభుత్వ ఫారం మీద తప్పు సమాచారం రాయడం అదొక తలనొప్పి.

అందుకని ఇండియా వెళ్లినప్పుడు రిసెప్షన్ పెట్టుకోండి, అన్నవరంలో సత్యనారాయణ వ్రతం చేస్కోండి, అమ్మమ్మ గారి ముచ్చట కోసం తలంబ్రాలు మళ్లీ పోసుకున్నా ఎవరూ కాదనరు, వేడుక మీ ఇష్టం. రిజిస్ట్రార్ ఆఫీసుకి మాత్రం కొత్త తేదీతో వెళ్లకండి. శుభలేఖలో "వివాహ మహోత్సవం" బదులు "వివాహ విందు" అని వేయించండి, ఆ శుభలేఖ కూడా ఎప్పుడో ఒకప్పుడు వీసా ఫైల్‌లో చేరుతుంది. లేదు, మా వాళ్లకి ఇండియా పెళ్లే అసలు పెళ్లి కావాలి అంటే అప్పుడు దాన్నే అసలుది చేయండి, ఇక్కడ లైసెన్సూ వద్దు, తాళీ వద్దు, నిశ్చితార్థంతో ఆపండి. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకుని పెద్దవాళ్లకి ఇప్పుడే చెప్పండి. దీని గురించి ఇంట్లో ఒక వారం గొడవైనా ఫర్వాలేదు.

వీసా సంగతి కొంచెం చెప్తా. పెళ్లి చేస్కున్నంత మాత్రాన అమ్మాయి ఎఫ్ వన్ పోదు. చదువు, ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద చదువుకి సంబంధించిన పని చేసే అనుమతి) అన్నీ అలాగే కొనసాగించుకోవచ్చు. హెచ్ ఫోర్‌కి, అంటే హెచ్ వన్ బీ వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే వీసాకి మారితేనే ఓపీటీ అవకాశం పోతుంది, హెచ్ ఫోర్ మీద పని చేయాలంటే అబ్బాయికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అవడం లాంటివి కావాలి, కాబట్టి పెళ్లైన వెంటనే ఐ-539 (వీసా స్టేటస్ మార్చుకునే అప్లికేషన్) వేసేయాలని కంగారు పడకండి. కంపెనీ ఇన్సూరెన్సులో భార్యని చేర్చడానికి సాధారణంగా పెళ్లి రోజు నుంచి 30 రోజులే టైమ్ ఇస్తారు, అది మర్చిపోవద్దు. డిసెంబర్ 31 నాటికి పెళ్లయి ఉంటే ఆ ఏడాది మొత్తానికి ట్యాక్సులో వివాహితుల కిందే లెక్క, మార్గశిరంలో ముహూర్తం పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంకో ముఖ్యమైనది, ఇది చదివే సీనియర్లకి: అబ్బాయి గ్రీన్ కార్డు అప్రూవ్ అవకముందు పెళ్లి జరిగి ఉంటే భార్యకి అదే ఫైల్‌లో డిపెండెంట్‌గా వస్తుంది, అప్రూవ్ అయిన మర్నాడు పెళ్లి చేస్కుంటే వేరే కేటగిరీలో వేరే లైన్‌లో నిలబడాలి. ఆ ఒక్క రోజు తేడా ఏళ్లకి ఏళ్లు.

కింద కామెంట్లలో ఎవరో జూమ్‌లో, అంటే వీడియో కాల్‌లో పెళ్లి గురించి అడిగారు. యూటా రాష్ట్రంలో యూటా కౌంటీ క్లర్కు ఆన్‌లైన్‌లో లైసెన్స్ ఇచ్చి వీడియోలోనే పెళ్లి జరిపిస్తారు, అబ్బాయి సియాటిల్‌లో, అమ్మాయి విజయవాడలో ఉన్నా సరే. యూటా చట్టం ప్రకారం అది పెళ్లే. కానీ అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో, పెళ్లి సమయానికి ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేకపోతే, ఆ తర్వాత కాపురం మొదలయ్యేదాకా దాన్ని వీసాకి లెక్కలోకి తీస్కోరు. అంటే వీడియో పెళ్లి తర్వాత ఇద్దరూ ఒకచోట కలిసినట్టు పాస్‌పోర్టు ముద్రలు, టికెట్లు చూపించాలి. ఇండియా వైపు అయితే సప్తపది లేని ఆ పెళ్లిని హిందూ వివాహం అనడం చాలా కష్టం. ఇంకో దారి ఉన్నవాళ్లకి నేనైతే అది చెప్పను.

మేనరికం గురించి ఒక అమ్మాయి అడిగింది, సిగ్గుపడాల్సిందేమీ లేదు తల్లీ, మన ఇళ్లల్లో మామూలే. హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట బావామరదళ్ల పెళ్లిని ఒప్పుకుంటుంది. టెక్సాస్ ఒప్పుకోదు. లైసెన్స్ అప్లికేషన్‌లో చేసే ప్రమాణంలోనే "అవతలి వ్యక్తి మా అమ్మ లేదా నాన్న తోబుట్టువుల బిడ్డ కాదు" అని ఉంటుంది, సొంత మేనబావ అయితే ఆ సంతకం మీరు పెట్టలేరు, పెట్టకూడదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ ఒప్పుకుంటాయి. మేనమామతో పెళ్లి మాత్రం ఈ రాష్ట్రాల్లో ఎక్కడా కుదరదు. మీరు పెళ్లి తర్వాత ఉండబోయేది టెక్సాస్ అయితే వేరే రాష్ట్రంలోనో ఇండియాలోనో చేస్కుని వచ్చే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి, ఇది ఫోరమ్ సలహాతో తేల్చుకునే విషయం కాదు.

విడాకులు అయినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. టెక్సాస్‌లో విడాకులు వచ్చాక మామూలుగా 30 రోజులు ఆగాలి. ఇండియాలో డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు) వచ్చినవాళ్లు అప్పీలు గడువు, అంటే 90 రోజులు, గడవనివ్వాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, ఇండియాలో జరిగిన హిందూ పెళ్లికి అమెరికా కోర్టులో విడాకులు తీస్కుని అంతా అయిపోయిందనుకోవడం. 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన నరసింహారావు, వెంకటలక్ష్మి కేసు మన తెలుగువాళ్లదే. తిరుపతిలో పెళ్లి, భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు, తర్వాత యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేస్కున్నాడు, మొదటి భార్య రెండో పెళ్లి నేరం కింద కేసు పెట్టింది. ఆ మిస్సోరీ డిక్రీ ఇండియాలో చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసింది, ఎందుకంటే విడాకుల కారణం హిందూ వివాహ చట్టంలో ఉన్నది కాదు, భార్య ఆ కోర్టు పరిధికి ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒప్పుకుని, ఇద్దరూ హాజరై తీస్కున్న విడాకుల సంగతి వేరు. కానీ ఒకరు మాత్రమే ఇక్కడ తీస్కున్న డిక్రీ చేతిలో పెట్టుకుని రెండో పెళ్లికి లైసెన్స్ తీస్కుంటే టెక్సాస్ ఇచ్చేస్తుంది, ఇండియాలో మాత్రం మొదటి పెళ్లి బతికే ఉంటుంది. సంబంధం మాట్లాడేటప్పుడే డిక్రీ కాపీ అడిగి చూడటం అమ్మాయి తరఫువాళ్లకి తప్పు కాదు.

టెక్సాస్ కాకుండా వేరే చోట్ల ఉన్నవాళ్లు ఇవే రూల్స్ అనుకోకండి. న్యూజెర్సీలో కూడా 72 గంటలు ఆగాలి, పైగా ఒక సాక్షి కావాలి, మీలో ఒకరు ఉండే ఊరి ఆఫీసులోనే అప్లై చేయాలి. న్యూయార్క్‌లో 24 గంటలు, లైసెన్స్ 60 రోజులు చెల్లుతుంది. కాలిఫోర్నియాలో ఆగే పనే లేదు. యూకే అయితే అసలు లెక్కే వేరు, అక్కడ రిజిస్టర్ ఆఫీసులో నోటీసు ఇచ్చి కనీసం 28 రోజులు ఆగాలి, మామూలు విజిటర్ వీసా మీద వెళ్లి పెళ్లి చేస్కోకూడదు, దానికి మ్యారేజ్ విజిటర్ వీసా అని వేరే ఉంది. జర్మనీలో ఉన్నవాళ్లకైతే మీరు అడిగిన అన్‌మ్యారీడ్ సర్టిఫికెట్లు, బర్త్ సర్టిఫికెట్లు, వాటి వెరిఫికేషన్లు అన్నీ ఉంటాయి, నెలలు పడుతుంది.

మీ విషయానికొస్తే మీకు పాత పెళ్లిళ్లు లేవు, చుట్టరికం లేదు, ఇద్దరూ ఒకే రాష్ట్రంలో ఉన్నారు, ఇంతకన్నా తేలిక కేసు ఉండదు. ముహూర్తం ఖాయమయ్యాక తేదీ, టైమ్, గుడి ఏ ఊళ్లో ఉందో ఇక్కడ రాయండి, లైసెన్సుకి ఏ రోజు వెళ్లాలో లెక్క చూసి చెప్తా. ఈలోపు పంతులుగారిని సంతకం గురించి అడిగేయండి.